పెద్ద కుర్చీ

నాకు ముప్పై ఎనిమిదేండ్లు.
డాక్టరు కాయితంల మాత్రం ఏడు.
నేను బడిల ఉన్నప్పుడు రాసిండు,
మల్ల ఎవ్వలూ దిద్దలే.

ఏడేండ్ల పిల్లకు మోకాళ్లు గుంజుతయా?
పాపిట్ల తెల్లెంటికలొస్తయా?
అమ్మ సచ్చిపోయిన నాడు
గాంధీ దవఖాన మెట్ల మీద
ఏడ్శేటోళ్లకు నీళ్లిచ్చింది నేనే.
ఆ పొద్దు నా వయసెంతని ఎవ్వలడగలే.

బేస్తారం బేస్తారం మేం కూడుతం.
చిలకలగూడ సందుల ఒక బడి,
పిల్లలు ఇండ్లకు వోయినంక ఒక గది మాది.
పర్వీన్ వస్తది, జోయెల్ వస్తడు,
అడ్డగుట్ట నుంచి మొగులయ్య వస్తడు.
మొగులయ్య నోట్లకెళ్లి మాట బయటికి రానికి
లాలాగూడ కాడ గూడ్సు బండి పోయినంత సేపు వడ్తది.
గేటు పడ్డట్టు మేం ఆగుతం.
ఆఖరి డబ్బా గూడ పోనిస్తం.

కూసునేటియి ఒకటో తరగతి బల్లలు.
మోకాళ్లు గదువకు తగుల్తయి.
ఆరు నెలలు గట్లనే కూసున్నం.
ఒకనాడు మొగులయ్యనే అన్నడు,
గూడ్సు మొత్తం పోయినంక:
"పె... ద్ద... కుర్చీ."

గదే మా మొదటి తీర్మానం.
పర్వీన్ చెప్పింది, నేను రాసిన,
పక్కకు కుర్చీ బొమ్మ గూడ ఏసిన,
పెద్దసారుకు సమజ్ కాకుంటె ఎట్ల అని.
సారు నవ్విండు. నవ్వనీ.
పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలొచ్చినయి.
ఒకదాని కాలు పగిలున్నది,
అది జోయెల్‌ది, ఇంకెవ్వల్ని కూసోనియ్యడు.

బ్యాంకు ముచ్చట చెప్తనని
ఎటో పోయిన.

నేను కాయితం సంచులు అతికిస్త.
పదకొండేండ్ల సంది.
పైసలు అన్న ఖాతాల వడ్తయి.
అన్న మంచోడే, అడిగితె ఇస్తడు.
అడగాలె గద,
గదీ నా బాధ.

బ్యాంకు సారు ఉన్న ఒక్క కుర్చీ అన్నకు చూపిచ్చిండు.
ఈమెకు సంతకం వస్తదా? అన్ననడిగిండు.
పైసల లెక్క తెలుస్తదా? అన్ననడిగిండు.
నా పేరు గూడ అన్ననే అడిగిండు.
అన్న నోరు తెరవబోయి
నా దిక్కు చూసి మూసుకున్నడు.
గంత మంచిగ మా అన్న ఎన్నడు మాట్లాడలే.

నేను కుర్చీల కూసున్న.
"సార్, నన్నడుగు.
జర నిమ్మళంగ అడుగు, పెద్ద మాటలొద్దు.
సమజ్ కాకుంటె కాలేదంట,
నువ్వు కోపానికి రాకు."
ఎనుక లైన్ల ఎవ్వలో దగ్గిండ్రు.
సారు సిరా డబ్బా నా దిక్కు జరిపిండు, బొటనేలికి.
నేను పెన్నడిగిన.

బాలమణి.
నాలుగే అక్షరాలు.
'ణ' కాడ నా చెయ్యి ఆగుతది,
దాని కడుపుల మెలిక ఉంటది.
లైను ఆగింది. ఫ్యాను తిరుగుతున్నది.
మెలిక తిప్పిన.
నెత్తి మీద గుడి కట్టిన.

ఖాతా ఆ పొద్దు కాలే.
ఇంకో కాయితం కావాల్నట,
పై సారును అడగాల్నట,
సోమారం రమ్మన్నడు.
నాకే చెప్పిండు. అన్నకు కాదు.

సోమారం ఒక్కదాన్నే పోత.
బస్సు నంబరు అరచేతిల రాసుకుంట.
చెమటకు కొట్టుకపోతె
ఎవ్వల్నన్న అడుగుత.
భయం లేదని చెప్తలేను.

బేస్తారం నాడు గిదంత మావోళ్లకు చెప్పిన.
పర్వీన్ చప్పట్లు కొట్టింది.
జోయెల్ తన పగిలిన కుర్చీ నాకిచ్చిండు,
పది నిమిషాలకే అని.
మొగులయ్య నా దిక్కు తిరిగి
ఏందో అనవట్టిండు.

గేటు పడ్డది.
మేమందరం ఆగినం.