పన్నెండో ముల్లు

"శరీరం పారదర్శకం. కళ్ళు లేవు.
పొడవు మిల్లీమీటరుకు కాస్త తక్కువ."
ఇంతవరకు రాసి పెన్ను మూత పెట్టేశాను.

ఫిబ్రవరి, గలీసియా తీరం,
నెల మొత్తంలో సముద్రం అన్నిటికన్నా దూరం జరిగే పాటు.
మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, నడుములు వంచిన ఆడవాళ్ళు
దంతెలతో ఇసుక గీరి గుల్లలు ఏరుతున్నారు.
నా చేతిలో చిన్నపిల్లలాడుకునే పార.
ఎరుందీనా దంతె ఆపింది.
ఏం వెతుకుతున్నావు?
పురుగుని.
తింటారా?
తినరు.
కుడుతుందా?
కుట్టదు.
మరి దానికి పేరెందుకమ్మా?
జవాబు తోచక బకెట్టు చాపాను.
రెండు దోసిళ్ళలో నింపేసింది.

గదిలో, మెగ్నీషియం ఉప్పు కలిపిన నీళ్ళు పోసి
పది నిమిషాలు ఆగాలి.
ఎన్ని అలలొచ్చినా తోక జిగురుతో
రేణువుని కరుచుకున్నవి
ఆ మత్తుకి పట్టు వదిలేస్తాయి.
అప్పుడు గంజి వార్చినట్టు
సన్న జల్లెట్లోకి వార్చుకోవాలి.

భూతద్దం కింద ఇసుక కాదది, కొండల వరస.
సందుల్లోంచి ఒక రిబ్బను ముక్క
సాగుతుంది, ముడుచుకుంటుంది, వెనక్కి తిరిగి తన ఒంటిమీదే పాకుతుంది.
తినేదీ ఉమ్మేదీ ఒకే నోరు.
ఆడా మగా ఒకే ఒళ్ళు.
తలలో గుండ్రటి గాజు నలుసు ఒకటి,
కిందు ఎటువైపో దానికి అదే చెప్తుంది.
చూపు లేకపోయినా తలకిందులు కాదు.

తేడా అంతా తోక దగ్గర, ముళ్ళలో ఉంది.
పక్క దీవిలో దాని బంధువుకి పద్నాలుగు.
లెక్కపెట్టాలంటే గాజుపలక మూసి
అద్దుడు కాగితంతో నీళ్ళు పీల్చాలి,
పలక బరువుకి అది ఇంకా చదునవ్వాలి.
మొదటిది, తొమ్మిది దాకా లెక్కపెట్టాను, పగిలిపోయింది.
రెండోది పదకొండు.
మూడోది కూడా పదకొండు; దాన్ని శాశ్వతంగా అతికించాను.
ఇక ఎప్పటికీ ఆ పేరు మోయాల్సింది అదే.
బారసాలా దినమూ ఒక్క పూటలోనే.

సాయంత్రం ఎరుందీనా వచ్చింది బకెట్టు కోసం.
స్టూలు మీద కూర్చుని, బూట్లు విప్పకుండానే చెప్పింది:
"నల్లనూనె కొట్టుకొచ్చిన ఏడాది నాకు ఇరవయ్యారు.
ఇసుక పిండితే నూనె రాదంటారుగా,
ఆ చలికాలం వచ్చింది.
పారలతో గోకి సంచులకెత్తాం.
నేనొక్కదాన్నే రోజుకి నలభై.
లారీలు ఎక్కడ పోశాయో ఎవరూ అడగలేదు."
కాసేపాగి,
"ఆ సంచుల్లో కూడా ఇవి ఉండేవా?"
ఉండే ఉంటాయి అన్నాను.
"ఇవేనా, వేరేవా?"

వర్ణనలో అలాంటి వాక్యానికి గడి లేదు.

చూస్తావా అని అడిగాను, మాట మార్చడానికి.
ఒక కన్ను మూసి, గొట్టంలోకి వంగింది.
కొలతబద్ద లేకుండా, వేలి సందుతోనే
పిల్ల గుల్లని వెనక్కి విసిరేసే మనిషి.
చాలాసేపు పెదాలు కదిలాయి.
"పన్నెండు."
పదకొండు అన్నాను.
"పన్నెండు. మొదటిదాని వెనకాల ఇంకోటి నక్కింది."
నేను వంగాను. చక్రం వెంట్రుకవాసి తిప్పాను.
నక్కే ఉంది.

నీ పేరు పెడతాను దీనికి అంటే
వద్దంది. సంతలో నవ్వుతారంది.
మా ఆయనైతే పొర్లి నవ్వుతాడంది.
తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి
లాటిన్‌లో ఎలా రాస్తారు, చూపించు అంది.
రాసి చూపించాను.
పైకి చదివి, చివర ఆ తోకేంటని అడిగింది.
ఆడమనిషి పేరైతే అలా ఉంటుంది.
"ఊఁ. గుల్లలు నోళ్ళు తెరిచేలోపు వేలానికి చేరాలి" అని
బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

పదకొండు కొట్టేశాను.
దొరికే చోటు: ఈ ఒక్క తీరం, ఇప్పటివరకు.
దొరక్కుండా పోయిన చోట్లు: తెలియదు.
రెండో వాక్యాన్ని సంపాదకుడు తీసేస్తాడు.
అయినా రాశాను.