మూడో జాయింటు

కరామాల ఆ జపాను హోటలు ముందర
పేరు రాయించుకొని నిలబడాలె.
మరిసెల్ అనే పిల్ల కాగితం మీద
నన్ను "పోషెట్" అని రాసుకున్నది.
"నలభై నిమిషాలు సర్" అంటె
సర్ ఎవరా అని ఎనకకు తిరిగి చూసిన.
ఎనక అత్తరు వాసన, ఎవరిదో సెల్ఫీ.

"మొదటిసారా?" అని అడిగింది లోపల.
అవునన్న.
గోడలకు రంగు కూడ లేనప్పుడు
పదకొండు రాత్రులు ఇదే గదిల
ఎల్లెలకల పండుకొని రేకులు బిగించిన సంగతి
మెనూ కార్డుల ఏ గీత కాడ చెప్పాలె?

గిన్నె వచ్చింది, చేతులు కడిగే బేసినంత.
పంది లేదట, కోడి బొక్కలే
పద్దెనిమిది గంటలు మరిగిస్తరట.
తెల్లటి పులుసు. గంజి కాదు, పాయా కాదు,
రెండిటికీ మేనత్త బిడ్డ లెక్క.
సగం కోసిన గుడ్డుల పచ్చసొన ఇంక నిద్ర లేవలే.
రెండు పుల్లలు చేతిల పెడితె
స్క్రూడ్రైవరు పట్టిన ఏళ్లు సిగ్గుపడ్డయి.
పక్కన ముసలి జపానాయన జుర్రుతుండు
సప్పుడు జేసుకుంట, ఏ బెరుకు లేకుంట.
నేనూ జుర్రిన.
నాలిక కాలింది. ఉప్పు, ఎల్లిగడ్డ, ఏదో సముద్రం.
యాభై ఎనిమిది దిర్హాములు.
ఆరు రోజుల మెస్సు ఒక్క గిన్నెల మునిగింది,
మునగనీ.

అందరు గిన్నెలకు చూస్తున్నరు.
నేను మీదికి.
లేచిన ఆవిరి లేచినట్టే
నేను కోసిన మూతిలకు దూరుతుంది,
నేను తిప్పిన మలుపు తిరుగుతుంది.
ఆ చీకట్ల, రేకు కడుపుల
మార్కరుతోని రాసిన "పోశెట్టి, రుద్రంగి"ని
రోజుకు మూడు వందల గిన్నెలు నాకుతున్నయి.
ఈపాటికి జిడ్డు పట్టి ఊరు పోయి ఉంటది.
పేరు? సగం.

పొయ్యి కాడి నేపాలీ తమ్ముడు జాలిగంటె దులిపి
నా దిక్కు నవ్విండు.
నేనెవరో ఎరుకై కాదు,
ఖాళీ గిన్నె జూసి.

అప్పుడు ఇనబడ్డది.
పాటకు, మాటలకు, జుర్రుడుకు అడుగున
సన్నగ ఒక ఈల.
మూడో జాయింటు.
ఆ రాత్రి సీలెంటు అయిపోయింది.
ఫోర్‌మన్ రేపు అన్నడు,
రేపు వేరే సైటు అయింది.
ఇంతమంది చెవులున్నయి ఈడ,
అది నన్నే పిలుస్తుంది,
పోషెట్ అని కాదు, సరిగ్గ.

"ఇంకేమన్న కావాల్నా సర్?"
నిచ్చెన ఉందా అనబోయి
నీళ్లడిగిన.