గాలికిడిసిన జాగ

కొత్తవాడల మా ఇంటెన్క
మగ్గానికో అర్ర ఏసుకుంటనని
నాలుగుసార్లు తిరిగిన మున్సిపల్ ఆఫీసుకు.

ప్లాను గీసే తిరుమలేశ్ అడిగిండు:
"ఇది బెడ్రూమా, కిచెనా?"
మగ్గమని రాయమన్న.
అసొంటి పేరు లేదక్కా అని
స్టోర్ రూం అని రాసిండు.
నలభై ఏండ్ల నా చేతులు
స్టోర్ల పడ్డయి.

టేపుతోని సారొచ్చిండు.
పక్కింటికీ మనకూ నడుమ మూడడుగులు ఇడవాలె,
గాలికట.
టేపు నాకెందుకు,
జంపఖానా అంచు కొలిచినట్టు
జానలు ఏసి చూసిన:
మగ్గం పడ్తది.
నేనే పట్ట.

నిన్న కాయితం అచ్చింది.
ముద్ర మంచిగ పడ్డది, నీలంగ.
మేస్త్రి ఐలేశు ముగ్గు పోసి
సలాక ధర చెప్పి పోయిండు.

పొద్దుగాల్ల ఆ మూడడుగులల్ల
రంగేసిన నూలు ఆరేసిన.
గాలికిడిసిన జాగనే గదా.
పక్కింటామె కిటికీ తీసి
ఎరుపు బాగున్నదన్నది.