కారణం అన్న గడి

లాంగియర్‌బైన్‌లో మా కొట్టు
చివరి వీధిదీపం పక్కన.
ఆ దీపం దాటి రైఫిలు లేకుండా ఎవరూ నడవరు.
అద్దె కాగితంలో కారణం అన్న గడి ఒకటి ఉంటుంది.
అందరూ ఒకటే రాస్తారు: తెల్ల ఎలుగు.
ముప్పయ్యొక్క ఏళ్లుగా అదే మాట
రకరకాల చేతిరాతల్లో.

సంతకం ఆరేలోపు అడుగుతాను,
"మరి మీ ఊళ్లో? ఇంట్లో ఉందా?"
ఎలుగులు లేని దేశాలవాళ్లు
కాసేపు తమ చేతితొడుగుల వంక చూసుకుంటారు.

రెటో అనే స్విస్ బడిపంతులు
అటక మీద, మంచుబద్దల పక్కన ఉందన్నాడు.
సైన్యం నుంచి తెచ్చుకున్నది. తండ్రిదీ అక్కడే.
గొడుగు ఎందుకుందని ఎవరైనా అడుగుతారా అన్నాడు.
అని, తనే ఆలోచనలో పడి
చిల్లర మర్చిపోయి వెళ్లాడు.

మంచు లోతు కొలవడానికొచ్చిన అబ్దుల్‌రకీబ్‌ది
యెమెన్ కొండల్లో ఊరు.
యుద్ధంలో ముందు మేకలు అమ్మారు,
తర్వాత అమ్మ వెండిగొలుసు,
ఆ తర్వాత తలుపులు కూడా ఊడదీసి అమ్మారు.
తుపాకీ మాత్రం అమ్మలేదు.
పెళ్లికి ఉత్త భుజంతో వెళ్తే
ఒంటి మీద బట్ట లేనట్టే అని నవ్వాడు.
గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి,
"తలుపుల్లేని ఇంటికి అదే కదా గడియ" అన్నాడు.

తుర్కానా అమ్మాయి అకిరు నవ్వలేదు.
ఆవుల్ని తోలుకుపోయేవాళ్ల దగ్గర ఉందని
వాళ్లన్న ఒకటి కొన్నాడు.
అన్న దగ్గర ఉందని వాళ్లు ఇంకోటి.
"ఇప్పుడు రెండు వైపులా తుపాకులున్నాయి.
ఆవులే లేవు."

ఐడహో నుంచి వచ్చిన వెర్లీన్
మంచం పక్క సొరుగులో పెట్టుకుంటుంది,
నిద్రమాత్రల డబ్బా కింద.
పోలీసు రావాలంటే నలభై మైళ్లు.
ఎవరొస్తారని, అన్నాను.
"ఇన్నేళ్లలో ఎవరూ రాలేదు" అంది గట్టిగా.
ఆపై చిన్నగా,
"క్రిస్మస్‌కి కూడా."

వాళ్లెవరూ నన్ను తిరిగి అడగరు.
వెనక గోడనిండా రైఫిళ్లున్న మనిషిని
అడగడానికేముంది?
అడిగితే చెప్పేదాన్నేమో.
నామ్సోస్ పైన అడవిలో మా తమ్ముడు ఐవిన్ కొన్నది
పెద్దకొమ్ముల దుప్పి కోసం.
కాగితంలోనూ దుప్పి అనే రాశాడు,
బడిపిల్లాడి గుండ్రటి అక్షరాలతో.

ఆ చలికాలం
దుప్పులన్నీ బతికే ఉన్నాయి.

ఆ తర్వాతే ఇంత ఉత్తరానికి వచ్చాను,
మనుషులు నిజంగా ఎలుగుకే భయపడే చోటు
ఒకటుందని ఎవరో చెబితే.

పొద్దుగూకాక తిరిగొచ్చినవన్నీ తుడుస్తాను.
చలికి ఇనుము వేలి చర్మాన్ని పట్టుకుంటుంది.
తూటాలు లెక్కపెడతాను: ఇచ్చినన్నీ వచ్చాయి.
ఇవాళ ఎవరికీ ఎలుగు కనబడలేదు.
కాగితాలు దొంతరలో పెట్టేముందు
ఆ గడి మీద బొటనవేలు ఒక్క క్షణం ఆనిస్తాను.
నా వేలు దాన్ని పూర్తిగా కప్పేస్తుంది.
ఒక్క మాట పట్టేంత చోటే ఉంది అందులో.