మోగితే చాలు

నోర్బేర్ వార్జే దాన్ని
పాత ఓవర్‌కోటులో చుట్టి తెచ్చాడు,
జ్వరమొచ్చిన పిల్లను ఆసుపత్రికి తెచ్చినట్టు.
హెర్‌స్టాల్‌లో ఆ పొద్దున
మ్యూజ్ నది మీద పొగమంచు ఇంకా విడలేదు.
నా బల్ల మీద దీపం వెలుగుతూనే ఉంది.

"ఎంత చేస్తుందో చెప్పండి చాలు" అన్నాడు.
ఇక్కడికొచ్చేవాళ్ళంతా ముందు ఆ మాటే అంటారు.
అమ్మేవాళ్ళు తలుపు దగ్గరే నిలబడి అంటారు.
ఈయన కుర్చీ లాక్కుని కూర్చుని అన్నాడు.

జోడుగొట్టాల తుపాకీ.
గుర్రాలు రెండూ బయటికే, చెవులు రిక్కించి.
వాల్‌నట్ మడమ మీద ఎవరి చెంపో
ఏళ్ళతరబడి ఆని నునుపు తేలిన చోటు.
గొట్టాలు మెలిక ఉక్కువి:
ఇనుమునీ ఉక్కునీ జడలా అల్లి
కడ్డీకి చుట్టి, ఎర్రగా కాల్చి,
వెద్ర్ లోయలో నీటిచక్రాల పక్కన
చెవుడొచ్చేదాకా సమ్మెట కొట్టినవాళ్ళు చేసినవి.
వాళ్ళ పేర్లు దీని మీద లేవు.
అమ్మిన కొట్టు పేరు మాత్రం బంగారు పూతతో ఉంది.

కుడి గొట్టంలోంచి కిటికీ వైపు చూశాను.
వెలుతురు వలయాలు వలయాలుగా రావాలి.
మశూచి మచ్చలుగా వచ్చింది.
"పాతిపెట్టారా?"
తలూపాడు.
"నలభైలో. జర్మన్లు తుపాకులన్నీ అప్పగించమన్న వారం.
నాన్న మైనగుడ్డ చుట్టి బీట్ చేలో పాతాడు.
నాలుగేళ్ళ తర్వాత ఎక్కడ పాతాడో గుర్తులేక
చేనంతా తవ్వాడు.
ఆ మరుసటేడు పంట విరగపండిందట."

ఎడమది కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమాను.
మూతికి జానెడు ఇవతల
పాము కప్పను మింగినట్టు ఒక ఉబ్బు.
"అది ఓడిల్ పని, మా అక్క.
మూతిలో మంచు ఇరుక్కుంటే చూసుకోలేదు.
కుందేలు బతికిపోయింది.
అక్కకి ఆనాటి నుంచి ఒక చెవిలో ఈల."

ముల్లు పెట్టి గోడ మందం కొలిచాను.
ఒకచోట అర మిల్లీమీటరు కూడా లేదు,
కోడిగుడ్డు పెంకు కన్నా కాస్త నయం.
చెప్పాల్సింది చెప్పాను:
"దీన్నిక పేల్చకూడదు.
పరీక్షకు పంపితే ముద్ర రాదు, ముక్కలొస్తాయి.
కోసేసి లోపల కొత్త గొట్టాలు దూర్చొచ్చు, పేలుతుంది.
కానీ ఆ జడ ఉండదు,
మీ నాన్న పాతిందీ ఉండదు.
ఉన్నదున్నట్టు అమ్మితే నూట ఇరవై యూరోలు,
అదీ గుర్రాలు బాగున్నాయి కాబట్టి."

ఏమీ అనలేదు. కోటు గుండీ తిప్పుతున్నాడు,
అది ఊడి చేతిలోకొచ్చేదాకా.

గొట్టాలను విడదీసి కొక్కేనికి తగిలించి
వేలి కణుపుతో కొట్టాను. అలవాటు.
టంకం గట్టిదైతే గంట,
వదులైతే పగిలిన కుండ.
పగిలిన కుండే.

"ఒకప్పుడు మోగేది!"
మొదటిసారి గొంతు పెంచాడు.
"తుడిచాక నాన్న గుమ్మానికి వేలాడదీసి
చెంచాతో కొట్టేవాడు, భోజనానికి రమ్మని.
చేను అవతలికి వినపడేది."

అది బాగుచెయ్యొచ్చు, అన్నాను.

మూడు వారాలు.
మధ్య బద్దీ ఊడదీస్తే కింద మసి,
చిటికెడు బీట్ చేను మట్టి.
ఎందుకో పారెయ్యబుద్ధికాక అగ్గిపెట్టెలో పోశాను.
తగరం పూసి, తీగతో బిగించి, మళ్ళీ అతికాను.
లోపల కడ్డీ దోపి చిన్న సుత్తితో
బుజ్జగిస్తూ ఉబ్బును దించాను.
పూర్తిగా దిగలేదు. దిగదు.
పైన ఆమ్లం రాసి, తుప్పు పట్టించి, ఉడకబెట్టి, గీకి,
మళ్ళీ రాసి, అలా తొమ్మిదిసార్లు.
తుప్పుకీ తుప్పుకీ తేడా ఉంది.
పిలిచి రప్పించుకున్నది అల్లికను చూపిస్తుంది,
పిలవకుండా వచ్చింది తినేస్తుంది.
పాయలు ఒక్కొక్కటే తేలాయి.

ముక్కు కంటే ముక్కెర బరువన్నట్టు
నా కూలి తుపాకీ ఖరీదుకు నాలుగింతలైంది.
బేరమాడలేదు ఆయన.
జేబులోంచి చెంచా తీశాడు.

దుకాణంలో ఉన్న చిన్న మరలన్నీ
డబ్బాల్లో సన్నగా వణికాయి.
మరోసారి కొట్టాడు.
మూడోసారి కొట్టబోయి, ఆగి, చెంచా దాచుకున్నాడు.

కాగితం మీద ఎర్ర సిరాతో రాశాను: పేల్చరాదు.
ఖరీదు గడిలో: నూట ఇరవై.
"కాస్త ఎక్కువ వెయ్యండి" అన్నాడు మెల్లగా,
"ఇంటికెళ్ళగానే అక్క అడుగుతుంది."

కలం పట్టుకుని కాసేపు ఆలోచించాను.
కొట్టేసి, నూట ఇరవై అయిదు అని రాసి
కింద సంతకం చేశాను.
అగ్గిపెట్టె కూడా ఇచ్చాను.