పొల్లు మీట

కోర్టు గేటుకి ఎడమ పక్క
స్టాంపుల కొట్టుకీ టీ బడ్డీకీ మధ్య
ఏడడుగుల రేకు షెడ్డు నాది.
పందొమ్మిదేళ్లుగా ఈ విజయనగరం చుట్టుపక్కల హద్దులన్నీ
నా వేళ్ల మీదుగానే వెళ్లాయి.
తూర్పు: గెడ్డ.
పడమర: కర్రి సూరపనాయుడి జీడితోట.
ఉత్తరం: పుంత.
దక్షిణం: తగువు.

మొన్న పాత కీబోర్డు పోయింది.
ముందు పోయింది పొల్లు మీట.
ఎప్పుడూ అదే ముందు పోతుంది.
దాని మీద డి అని ఉండేదట, కొన్నప్పుడు.
ఇప్పుడు గోలీకాయంత నున్నన.

ఒత్తు పడాలంటే ముందు పొల్లు పడాలి.
హద్దుకి ఒకటి, హక్కుకి ఒకటి, సాక్షికి ఒకటి.
స్వార్జితానికి రెండు.
స్త్రీకీ రెండే.
మా ఊరి పేరుకి ఒక్కటీ అక్కర్లేదు,
చెప్పుల్లేకుండా నడిచిపోతుంది.
శ్రీకాకుళం మాత్రం గుమ్మంలోనే అడుగుతుంది.
"అక్షరం పొల్లు పోకుండా కొట్టమ్మా" అంటాడు వచ్చిన ప్రతివాడూ.
ఆ పొల్లే కదా బాబూ పోయింది.

కంప్యూటర్లు బాగుచేసే లోకనాథం
అరచేతిలో పట్టే పలక తెచ్చిచ్చాడు.
తొమ్మిది మీటలు, తొమ్మిది రంగులు,
దేనికీ వైరు లేదు. నొక్కి చూసుకోవడానికే.
"ఎర్రది జారుతుందక్కా, నీలంది టిక్కుమంటుంది,
నల్లది గట్టి. ఇది నలభై అయిదు గ్రాములు, ఇది అరవై."
వేలి బరువుని
మెంతుల్లా తూస్తారని నాకు అప్పటిదాకా తెలీదు.

నీలం మీట టీ బడ్డీ దాకా వినిపించింది.
ప్లీడరు గుమస్తా కామేశానికి అదే నచ్చింది:
"పని అవుతున్నట్టు ఉంటుంది మేడమ్,
పార్టీలు డబ్బులు వెంటనే తీస్తారు."
నల్లది నొక్కాక సాయంత్రానికి
నాకో మణికట్టు ఉందని గుర్తొచ్చింది.
ఎర్రది వెన్న. ఒట్టు, వెన్నే.
కాని సర్వే నంబరు దగ్గర
వేలు ఆనించి ఒక్క క్షణం ఆగడం నా అలవాటు.
ఎర్రది ఆగనివ్వదు.

మూడో రోజు తవిటయ్య అడిగాడు,
"ఏటది గుంటా, రోజూ గిల్లతన్నావు?"
తవిటయ్య మా జెరాక్సు.
నెల్లిమర్ల జూటు మిల్లు, మగ్గాల షెడ్డు, ఇరవయ్యారేళ్లు.
జీతం ఇంటికి తెచ్చుకున్నాడు, చెవులు అక్కడే ఉన్నాయి.

నీలం నొక్కాడు.
టీ బడ్డీ దగ్గర ఇద్దరు తలతిప్పారు.
వాళ్లెందుకు తిప్పారో అర్థం కాక నా వైపు చూశాడు.
ఎర్రది నొక్కి, "ఇది కాళీ" అన్నాడు.
గోధుమరంగుది నొక్కాడు.
మళ్లీ నొక్కాడు.
సగంలో ఆపి, వదిలి, మళ్లీ.
"ఇందల సిన్న గతుకుంది గుంటా.
పోగు తెగితే నాకు ఇలగే తెలిసీది.
దానికి సెవులెందుకు?"

అప్పుడు తట్టింది నాకు:
జెరాక్సు తిరుగుతున్నంతసేపూ
మూత మీద అరచెయ్యి పెట్టే ఉంచుతాడు.
కాగితం కదలకుండా అనుకునేదాన్ని ఇన్నాళ్లూ.

అన్నిటికీ ఎర్రవే చెప్పాను,
ఒక్క పొల్లుకి తప్ప.
లోకనాథం తల గోక్కున్నాడు:
"ఒక్క మీట వేరేది ఎవరైనా పెట్టుకుంటారా అక్కా?"
హద్దు దగ్గర రాయి పాతరట్రా, అన్నాను.

ఎర్రవాటితో ఇంకా తప్పులు పడుతున్నాయి.
నిన్న ఒకాయన తండ్రి పేరులో
ఒక కొమ్ము ఎక్కువైంది, మళ్లీ తీశాను.
పొల్లు దగ్గర మాత్రం వేలికి ఆ గతుకు తగిలి
కిందేదో ఉందని తెలుస్తుంది.

మధ్యాహ్నం కరెంటు పోతే
తవిటయ్య కుర్చీ లాక్కుని వస్తాడు.
నన్ను అడగడు.
ఆ ఒక్క మీటా నొక్కుతాడు, వదుల్తాడు, నొక్కుతాడు.
నల్లటి తెర మీద ఏమీ పడదు.