కాలువలు కట్టేసిన నెల

రావులపాలెం అరటి మార్కెట్టు వెనక,
గెలలు దించే చప్పుడు గచ్చులోంచి పాదాలకు తగిలే మేడగదిలో
లేని యంత్రాలు తయారుచేస్తుంటాను.

లేనివంటే బొత్తిగా లేనివి కావు.
ఒకే ఇనప్పెట్టె. అందులో నలభై కంప్యూటర్లు.
ఒక్కోటీ పెట్టంతా తనదేననుకుంటుంది.
వాటిని పుట్టించడానికి, పడుకోబెట్టడానికి,
నడుస్తుండగానే ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి దాటించడానికి
సి భాషలో ఒక లైబ్రరీ.
ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా విప్పి చూడొచ్చు.

"డబ్బులెవరిస్తారే?" అంది కింద కమీషన్ కొట్టు మంగాయమ్మ.
ఎవరూ ఇవ్వరన్నాను.
నా కళ్ళ కింద నలుపు చూసి, ఇంకేమీ అడక్కుండా
చక్రకేళీ అత్తమొకటి గుమ్మంలో పెట్టి పోయింది.

మూడు వారాలుగా ఒకటే జబ్బు.
యంత్రం ఆగుతుంది. ఆగిందని రాసుకుంటాను.
అది కూర్చున్న చోటు మాత్రం ఖాళీ అవదు.
ఇంకా ఎవరో దాన్ని పట్టుకునే ఉన్నారు.
ఎవరు?
లెక్క ఒకటి దగ్గర మొండికేస్తుంది, సున్నాకి దిగదు.
తెల్లారేసరికి మెమరీ నిండి పెట్టె నీలుగుతుంది.

ఏప్రిల్. పైనించి నీళ్ళు కట్టేశారు.
లొల్ల లాకుల దగ్గర కాలువ అడుగు బయటపడింది:
ఎండిన గుర్రపుడెక్క, సైకిల్ రిమ్ము,
వినాయకుడి ప్లాస్టరు చెయ్యి,
ఏడాదంతా నీళ్ళు మోసుకుంటూ చెప్పనివి.

లస్కరు ఇర్మియా షట్టరు మరకి గ్రీజు పూస్తున్నాడు.
అట్ట ఊడిన పుస్తకం పక్కన.
ఏ తూము, ఎన్నింటికి ఎత్తాడు, ఎన్నింటికి దించాడు.
రెండో గడి ఖాళీగా ఉందంటే
ఆ రాత్రి ఎవరి చేనో మునిగిందన్నమాట.
"ఎత్తినోణ్ణి అడిగితే దించేననే అంటాడండి.
మామూలు రోజులు నేను చూడను.
మజ్జలో ఏదో కబురొచ్చి పరిగెత్తిన రోజులుంటాయి చూడండి,
అవి చూస్తాను. ఆయ్."

గదికొచ్చి అవే చూశాను.
అన్నీ సవ్యంగా సాగే దారి కాదు.
డిస్కు దొరక్క సగంలో వెనుదిరిగే దారి.
నాలుగు వందల పన్నెండో వరస.
ఎత్తాను. పరిగెత్తాను. దించలేదు.
రాసింది నేనే, తేదీ కూడా ఉంది:
చంటిదానికి జొరమని బడి నుంచి ఫోనొచ్చిన మధ్యాహ్నం.

ఒక్క వరస చేర్చాను. దాని పైన వ్యాఖ్యలో
'సలహా: ఇర్మియా, లస్కరు' అని పెట్టాను.
వ్యాఖ్యల్ని కంపైలరు చదవదు,
పొట్టు చెరిగినట్టు చెరిగేస్తుంది.
పెట్టె నీలగడం మానేసింది.
ఆ రాత్రి లారీల మోత కూడా వినపడనంత నిద్ర.

వారానికి, ఇంకా మంచు కరగని ఏదో ఊరి నుంచి
ఎప్పుడూ చూడని మనిషి ఒక ఉత్తరం రాశాడు.
దిద్దుబాటు బాగుందట. ఒకే ఒక్క అనుమానం:
లస్కరంటే ఏమిటి?

రెండుసార్లు మొదలుపెట్టి చెరిపేశాను.
జూన్‌లో నీళ్ళొదలనీ,
తలుపెత్తే చప్పుడు ఒకసారి విని రాస్తాను.